మారుమనస్సు

మారుమనస్సు అనేది క్రైస్తవ మతంలోని మూల భావనలలో ఒకటి. మనిషి తన పాపాన్ని పాపమని గుర్తించి, దానికి దుఃఖపడి, దానిని విడిచిపెట్టి దేవుని వైపు తిరగడాన్ని ఈ పేరుతో పిలుస్తారు. మార్కు సువార్త ప్రకారం యేసు గలిలయలో బోధ ప్రారంభించినపుడు ప్రజలను అడిగినవి రెండే: మారుమనస్సు పొందడం, సువార్తను నమ్మడం. తరువాతి రెండు వేల సంవత్సరాలలో క్రైస్తవ సంఘాల మధ్య జరిగిన పెద్ద వివాదాలలో చాలా భాగం ఈ రెండింటికీ గల సంబంధం గురించినవే. మారుమనస్సు ఒక క్షణంలో జరిగేదా, జీవితమంతా సాగేదా? అది నిజమైనదని ఎవరు, ఎలా తేల్చాలి? ఒకసారి తప్పిపోయిన వానికి మరొక అవకాశం ఉందా? ఈ ప్రశ్నలు వేదాంత పండితులకే పరిమితం కాలేదు. 1878లో ఒంగోలు ప్రాంతంలో కరువు బారిన పడిన వేలాది కుటుంబాల విషయంలోనూ ఇవే ప్రశ్నలు ఎదురయ్యాయి.

పదం

తెలుగు బైబిలులో వాడిన మారుమనస్సు అన్న మాట గ్రీకు పదమైన మెటనోయాకు చాలా దగ్గరగా ఉంటుంది. మెటనోయా అంటే మనస్సు మారడం, ఆలోచించే తీరు మారడం. ఇందులో ఏడుపు, ప్రాయశ్చిత్తం అన్న అర్థాలు ప్రధానం కావు. పాత నిబంధన భాష అయిన హీబ్రూలో ఇదే భావానికి షూబ్ అన్న క్రియను ఎక్కువగా వాడారు. దాని అర్థం "వెనుకకు తిరుగు", "తిరిగి వచ్చు". దారి తప్పిన బాటసారి సరైన దారికి మళ్ళడం వంటిది అది. ప్రవక్తలు ఇశ్రాయేలీయులను పదే పదే పిలిచినది ఈ మాటతోనే. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల కథోలికులు ఇదే భావాన్ని హృదయ పరివర్తన అని కూడా అంటారు.

పశ్చాత్తాపం అన్న సంస్కృత పదం దీనికి పర్యాయపదంగా వాడుకలో ఉన్నా రెండింటికీ తేడా ఉంది. పశ్చాత్తాపం అంటే జరిగిన తరువాత కలిగే తాపం, అనగా బాధ. బాధ కలిగినంత మాత్రాన మనిషి మారాడని చెప్పలేము. మత్తయి సువార్తలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. యేసును పట్టించిన ఇస్కరియోతు యూదా తాను చేసిన పనికి బాధపడి ముప్పై వెండి నాణేలను ఆలయంలో పారవేసి ఉరి వేసుకున్నాడు. అక్కడ మూలంలో మెటనోయా లేదు, చింతించడం అన్న అర్థమిచ్చే వేరే క్రియ ఉంది. అదే రాత్రి యేసును ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురు కూడా ఏడ్చాడు, కాని అతడు తిరిగి వచ్చి శిష్యుల మధ్య నిలిచాడు. ఇద్దరిలోనూ దుఃఖం నిజమైనదే. దైవచిత్తానుసారమైన దుఃఖం ఒకటి, లోకసంబంధమైన దుఃఖం మరొకటి అని పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ లేఖలో చేసిన విభజనను వివరించడానికి బోధకులు సాధారణంగా ఈ ఇద్దరినే ఉదాహరణగా చూపుతారు.

బైబిలులో

పాత నిబంధనలో మారుమనస్సుకు అందరికీ తెలిసిన ఉదాహరణ దావీదు రాజు. అతడు ఊరియా భార్య బత్షెబను చేరదీసి, ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో నిలిపి చంపించాడు. నాతాను ప్రవక్త రాజును నేరుగా నిందించకుండా ఒక పేదవాని గొర్రెపిల్ల కథ చెప్పాడు. ఆ కథలోని ధనవంతుడు మరణపాత్రుడని రాజు తీర్పు చెప్పిన తరువాత, ఆ మనుష్యుడు నీవేనన్నాడు. 51వ కీర్తన ఈ సందర్భంలోనే పుట్టిందని సంప్రదాయం. అయితే దావీదుకు క్షమాపణ దొరికినా అతడు చేసిన పని ఫలితాలు మాత్రం తప్పలేదు. అతని కుటుంబంలో ఆ తరువాత వచ్చిన హత్యలు, తిరుగుబాటు రెండవ సమూయేలు గ్రంథంలో పెద్ద భాగాన్ని ఆక్రమించాయి. క్షమాపణ అంటే ఫలితాల రద్దు కాదని ఈ కథ చెప్పకనే చెబుతుంది.

మోషే ధర్మశాస్త్రంలో పశ్చాత్తాపానికి లెక్క కూడా ఉంది. ఒకని సొమ్ము అన్యాయంగా తీసుకున్నవాడు పాపాన్ని ఒప్పుకుని, ఆ సొమ్ముకు అయిదవ వంతు కలిపి తిరిగి ఇవ్వాలని సంఖ్యాకాండం చెబుతుంది.

కొత్త నిబంధనలో ఈ లౌకికమైన కోణం మరింత స్పష్టంగా ఉన్నది బాప్తిస్మమిచ్చు యోహాను బోధలో. మారుమనస్సుకు తగిన ఫలాలు ఫలించండని అతడు అన్నపుడు జనం, అయితే మేమేమి చేయాలని అడిగారు. లూకా సువార్తలోని అతని సమాధానాలలో ఉపవాసం లేదు, బలి లేదు. రెండు అంగీలున్నవాడు ఏమీ లేనివానికి ఒకటి ఇవ్వాలి. సుంకరులు నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వసూలు చేయరాదు. సైనికులు బెదిరించి డబ్బు గుంజక, తమ జీతంతో తృప్తి పడాలి. ఎవరి వృత్తిలో ఏ పాపం సులభమో దానినే వదలమన్నాడు. సుంకరుల ఉద్యోగాన్ని గాని, సైనికుల ఉద్యోగాన్ని గాని మానుకోమనలేదన్నది గమనించదగిన విషయం.

యెరికో పట్టణంలో సుంకరుల పెద్ద అయిన జక్కయ్య కథ దీనికి కొనసాగింపు వంటిది. యేసు అతని ఇంటికి అతిథిగా వెళ్ళినపుడు జక్కయ్య తన ఆస్తిలో సగం పేదలకిస్తానని, ఎవరినుండి అన్యాయంగా తీసుకున్నా నాలుగింతలు తిరిగిస్తానని అన్నాడు. ఇక్కడ వరుస ముఖ్యం. జక్కయ్య మారిన తరువాత యేసు అతని ఇంటికి రాలేదు. ముందు ఇంటికి వచ్చాడు, తరువాత అతడు మారాడు. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో కూడా కొడుకు సిద్ధం చేసుకున్న క్షమాపణ మాటలు పూర్తి కాకముందే తండ్రి పరుగెత్తి ఎదురు వెళ్తాడు. మనిషి తిరగడం దేవుని కృపకు కారణమా, ఫలితమా అన్న వాదానికి ఈ రెండు కథలూ మూలాధారాలు.

విశ్వాసం, క్రియలు

పౌలు రోమీయులకు వ్రాసిన లేఖలో మనిషి ధర్మశాస్త్ర క్రియల వలన కాక విశ్వాసం వలన నీతిమంతుడిగా తీర్చబడతాడని వాదించాడు. యాకోబు లేఖ క్రియలు లేని విశ్వాసం మృతమని చెబుతుంది. విచిత్రమేమిటంటే ఇద్దరూ ఒకే సాక్షిని పిలుస్తారు, అబ్రాహామును. సుతుడు పుట్టకముందే దేవుని మాట నమ్మిన అబ్రాహాము పౌలుకు కావాలి. కుమారుడిని బలిపీఠం దాకా తీసుకువెళ్ళిన అబ్రాహాము యాకోబుకు కావాలి. మార్టిన్ లూథర్ 1522లో తన కొత్త నిబంధన అనువాదానికి వ్రాసిన ముందుమాటలో యాకోబు లేఖను గడ్డి లేఖ అని తీసిపారేశాడు. అయినా దానిని బైబిలు నుండి తొలగించలేదు.

ఇద్దరూ విశ్వాసం అన్న మాటను ఒకే అర్థంలో వాడలేదని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. దేవుడు ఒక్కడేనని దయ్యాలు కూడా నమ్మి వణుకుతున్నాయని యాకోబు అన్నపుడు అతని దృష్టిలో ఉన్నది కేవలం ఒప్పుకోలు. పౌలుకు విశ్వాసమంటే తనను తాను అప్పగించుకోవడం. ఒకడు వైద్యుడు సమర్థుడని ఒప్పుకోవడం వేరు, ఆ వైద్యుని చేతికి తన శరీరాన్ని అప్పగించడం వేరు.

ఆది సంఘంలో

మొదటి శతాబ్దాలలో బాప్తిస్మం పొందిన తరువాత ఘోరపాపం చేసినవారి సంగతి పెద్ద చిక్కుగా మారింది. బాప్తిస్మానికి ముందు చేసిన పాపాలన్నీ క్షమించబడతాయనడంలో ఎవరికీ సందేహం లేదు. తరువాతి వాటికి? రెండవ శతాబ్దానికి చెందిన హెర్మాసు కాపరి అనే గ్రంథం ఒక్క అవకాశం మాత్రం ఉందని చెప్పింది.

ఈ ప్రశ్న రోమా చక్రవర్తి డెసియస్ కాలంలో తీవ్రమైంది. సామ్రాజ్యంలోని వారందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్లు పత్రం పొందాలని అతడు ఆజ్ఞాపించాడు. ఇటువంటి పత్రాలు కొన్ని ఈజిప్టు పపైరసులలో నేటికీ దొరుకుతున్నాయి. చాలామంది క్రైస్తవులు భయంతో బలి అర్పించారు. కొందరు బలి అర్పించకుండానే లంచమిచ్చి పత్రం కొన్నారు. కొందరు చెరసాలలో చనిపోయారు. 251లో డెసియస్ యుద్ధంలో మరణించాక, పడిపోయిన వారు తిరిగి సంఘంలో చేరడానికి వచ్చారు. రోములో నొవాషియన్ అనే పెద్ద వారిని చేర్చుకునే అధికారం సంఘానికి లేదని, వారి సంగతి దేవునికి వదిలివేయాలని అంటూ వేరే సంఘం పెట్టాడు. కార్తేజి బిషప్పు సిప్రియన్ మధ్యేమార్గం చూపాడు: ఎవరి తప్పు ఎంతో విడివిడిగా విచారించి, దీర్ఘకాలం పశ్చాత్తాప దీక్షలో ఉంచి చేర్చుకోవాలన్నాడు. ప్రధాన సంఘం ఈ మార్గాన్నే అనుసరించింది. సిప్రియన్ 258లో తానే హతసాక్షి అయ్యాడు గనుక అతడిని పిరికివాడని ఎవరూ అనలేకపోయారు.

దీక్ష బహిరంగంగా ఉండేది. 390లో థెస్సలొనీకలో వేలాదిమందిని ఊచకోత కోయించిన థియోడోసియస్ చక్రవర్తిని మిలాను బిషప్పు అంబ్రోసు ప్రభు భోజనానికి రానివ్వలేదు. చక్రవర్తి బహిరంగంగా పశ్చాత్తాపం ప్రకటించిన తరువాతనే చేర్చుకున్నాడు. ఇదే అంబ్రోసు చేతుల మీదుగా 387లో బాప్తిస్మం పొందినవాడు అగస్టీను. అంతకు ముందు సంవత్సరం మిలానులోని ఒక తోటలో తనకు కలిగిన మార్పు గురించి అగస్టీను వ్రాసిన ఆత్మకథ, తరువాతి తరాలలో "సాక్ష్యం" చెప్పే పద్ధతికి నమూనా అయింది.

సంస్కరణ కాలం

కాలక్రమేణా బహిరంగ దీక్ష స్థానంలో గురువు దగ్గర ఏకాంతంగా పాపాలు ఒప్పుకునే పద్ధతి వచ్చింది. దీనినే తెలుగు కథోలికులు పాపసంకీర్తనం అంటారు. 1215లో నాలుగవ లాతరన్ మహాసభ ప్రతి ఒక్కరూ ఏడాదికి ఒకసారైనా పాపసంకీర్తనం చేయాలని నిర్ణయించింది.

లాటిను బైబిలులో యేసు పిలుపును "ప్రాయశ్చిత్తం చేయండి" అన్న అర్థం వచ్చేలా అనువదించారు. మనస్సు మార్చుకోండి అన్న మాటకు, గురువు విధించిన ప్రాయశ్చిత్తం చేయండి అన్న మాటకు మధ్య దూరం చిన్నది కాదు. 1516లో గ్రీకు కొత్త నిబంధనను ముద్రించిన ఎరాస్మస్ ఈ అనువాదాన్ని తప్పుబట్టాడు. 1517 అక్టోబరు 31న లూథర్ ప్రకటించిన 95 ప్రతిపాదనలలో మొట్టమొదటిదే ఈ విషయం గురించినది. యేసు మారుమనస్సు పొందమన్నది విశ్వాసి జీవితం యావత్తూ మారుమనస్సుగా ఉండాలని అన్నది దాని సారాంశం. సెయింట్ పీటర్స్ బసిలికా నిర్మాణం పేరిట డబ్బుకు అమ్ముతున్న పాపపరిహార పత్రాల మీద అతని దాడి ఇక్కడినుండే మొదలైంది. ఒక క్రియ అనువాదం యూరప్ ఖండాన్ని రెండుగా చీల్చిందంటే అతిశయోక్తే, కాని చీలిక తొలి వాక్యంలో ఆ క్రియ ఉన్నది వాస్తవం.

1551లో ట్రెంటు మహాసభ కథోలిక సంఘం తరఫున సమాధానమిస్తూ పశ్చాత్తాపంలో మనస్తాపం, ఒప్పుకోలు, పరిహారం అనే మూడు అంశాలుంటాయని పేర్కొంది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కథోలిక సంఘం, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకం చేశాయి. మనిషి అంగీకరించబడేది కృప వలననే, తన పుణ్యం వలన కాదని, ఆ కృప మనిషిని సత్క్రియలకు సిద్ధపరుస్తుందని అందులో రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కృత సంఘాల ప్రపంచ కూటమి ఇందులో చేరారు.

ఒంగోలులో 1878

తెలుగు నేల మీద ఈ ప్రశ్న అత్యంత తీవ్రంగా ఎదురైనది అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనులో. 1836లో ప్రారంభమైన ఈ మిషను దాదాపు మూడు దశాబ్దాల పాటు నెల్లూరులో పనిచేసినా చేరినవారు అతి కొద్దిమంది. జాన్ క్లౌ 1866లో ఒంగోలుకు వచ్చాడు. అదే సంవత్సరంలో తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. పేరయ్య మాదిగ కులస్థుడు, తోలు వ్యాపారం చేసేవాడు, రాజయోగ సంప్రదాయంలో ఉపదేశం పొందిన సాధకుడు. మత ప్రచారం మిషనరీలు చేశారని సాధారణంగా వ్రాస్తుంటారు గాని, ఊరూరా తిరిగి తన కులం వారికి కొత్త మతాన్ని పరిచయం చేసినవాడు నిజానికి పేరయ్యే. అతని కథను క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వెలువడిన మాదిగల కథల పుస్తకంలో నమోదు చేసింది.

చేరేవారికి మూడు నియమాలుండేవి: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి చిన్నవిగా కనిపించే ఈ మూడూ గ్రామ వ్యవస్థను కదిలించేవే. ఆదివారం పని మానితే కాపు పొలంలో పని ఆగుతుంది. జాతరలో డప్పు కొట్టకపోతే గ్రామదేవత కొలువు ఆగుతుంది. కరణాలు, మునసబులు, భూస్వాములు దీనిని ధిక్కారంగా భావించారు. అనేక గ్రామాలలో కొత్త క్రైస్తవులకు పని ఇవ్వకపోవడం, రావలసిన గింజలు ఆపివేయడం, నీటికి అడ్డు చెప్పడం జరిగింది. మారుమనస్సుకు తగిన ఫలం ఏమిటన్న ప్రశ్నకు అక్కడ సమాధానం పూట కూడుతో ముడిపడి ఉండేది.

1876-78 సంవత్సరాలలో దక్షిణ భారతాన్ని మహా కరువు పట్టి పీడించింది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టినపుడు క్లౌ అందులో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. అతని బోధకులు పనివారి మీద మేస్త్రీలుగా ఉండేవారు. బాప్తిస్మం అడిగినవారు ఎందరో వచ్చారు. కాని కరువు సహాయం నడుస్తున్నంత కాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో, విశ్వాసంతో వచ్చారో తేల్చడం సాధ్యం కాదన్నది కారణం. సహాయం ముగిసిన తరువాత 1878 జూన్ నుండి బాప్తిస్మాలు మొదలయ్యాయి. జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ నదిలో నిలబడ్డారు. ఆ ఏడాది ముగిసేసరికి సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

ఈ వార్త అమెరికాలో సంతోషాన్ని, సందేహాన్ని కూడా కలిగించింది. అన్నం కోసం మతం మారిన వారన్న విమర్శ అప్పటినుండి నేటి వరకు వినబడుతూనే ఉంది. బాప్టిస్టుల సిద్ధాంతం ప్రకారం విశ్వాసం ప్రతి వ్యక్తీ విడిగా చేసే నిర్ణయం. ఇక్కడ చేరినవి కుటుంబాలు, పల్లెలు. క్లౌ తన సమాధానాన్ని 1914లో, అతని మరణానంతరం, వెలువడిన ఆత్మకథలో ఇచ్చాడు. ఈ ప్రజలు ఏ పనినీ ఒంటరిగా చేసేవారు కారని, వారి సమష్టి జీవితాన్ని విడగొట్టకుండా మార్చడమే సరైనదని అతని వాదన. సహాయం ఆగిన తరువాత కూడా వారు వచ్చారన్నది అతని పక్షాన ఉన్న బలమైన ఆధారం. అయితే సహాయం చేసిన చేతిని జనం మరచిపోరన్న మాట కూడా అంతే నిజం. ఆత్మగౌరవం కోసం, చదువు కోసం, అవమానం నుండి బయటపడడం కోసం వచ్చినవారిని విశ్వాసం లేనివారని కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది. యేసు దగ్గరకు వచ్చిన కుష్ఠురోగులు, గుడ్డివారు వేదాంతం తెలుసుకుని రాలేదు.

అమెరికన్ మెథడిస్టు జె. వాస్కం పికెట్ భారతదేశపు సామూహిక ఉద్యమాలపై జరిపిన పరిశోధన 1933లో పుస్తకంగా వచ్చింది. ఏ ఉద్దేశంతో చేరారన్నదానికన్నా, చేరిన తరువాత వారికి ఎటువంటి బోధ, ఆదరణ దొరికాయన్నదే తరువాతి జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించిందని అందులో తేలింది. 1912లో దోర్నకల్ బిషప్పుగా నియమితుడై, ఆంగ్లికను సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన వి.యస్. అజరయ్య పద్ధతి ఇందుకు అనుగుణమైనది. బాప్తిస్మం పొందినవారు తమ చేతిని తమ తల మీద ఉంచుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాటను పలికేవారు.

ఆచరణలో

తెలుగు సంఘాలలో మారుమనస్సును వ్యక్తపరచే తీరు శాఖను బట్టి మారుతుంది. బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాలలో వ్యక్తి తానే నిర్ణయించుకుని నీటిలో మునిగి బాప్తిస్మం పొందాలి. లూథరన్, సి.ఎస్.ఐ., కథోలిక సంఘాలలో శిశువులకు బాప్తిస్మమిస్తారు. పెద్దయ్యాక ఆ విశ్వాసాన్ని తమదిగా ఒప్పుకునే ఆచారం ఉంటుంది. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులను కథోలికులు తపస్సు కాలమని, ప్రొటెస్టెంట్లు శ్రమకాలమని అంటారు. ఉజ్జీవ కూటాలలో సాక్ష్యం చెప్పేవారు తాము రక్షణ పొందిన తేదీని కూడా చెప్పడం పరిపాటి. తేదీ చెప్పలేనివారు తమకు మారుమనస్సు కలగలేదేమోనని మథనపడటం కూడా ఉంది. కాని పేతురు మారిన తేదీ ఏదో సువార్తల నుండి చెప్పడం కష్టం. 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు ప్రొటెస్టెంట్ ఆరాధనలలో నేటికీ పాడుతున్నారు. పాపపు ఒప్పుకోలు వాటిలో తరచుగా కనిపించే విషయం.

మారుమనస్సును పలకడం సులభం, దాని ఖరీదు చెల్లించడం కష్టమన్న విమర్శ క్రైస్తవుల లోపలినుండే వచ్చింది. జర్మనీలో నాజీలను ఎదిరించిన లూథరన్ పాస్టరు డీట్రిక్ బోన్‌హోఫర్ 1937లో ప్రచురించిన పుస్తకంలో, మారుమనస్సు అడగకుండా ప్రకటించే క్షమాపణను చౌక కృప అన్నాడు. అతనిని 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో ఉరితీశారు. అదే సంవత్సరం అక్టోబరులో జర్మనీ ఇవాంజెలికల్ సంఘం స్టుట్‌గార్ట్‌లో తమ అపరాధాన్ని ఒప్పుకుంటూ ప్రకటన చేసింది. యూదుల పేరు అందులో లేకపోవడం తరువాత విమర్శకు గురయింది. సంస్థలు కూడా పశ్చాత్తాపపడగలవా అన్న చర్చకు ఇది తొలి ఉదాహరణలలో ఒకటి. 1995లో అమెరికాలోని దక్షిణ బాప్టిస్టులు బానిసత్వాన్ని సమర్థించినందుకు క్షమాపణ కోరారు. 2019 సెప్టెంబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు జస్టిన్ వెల్బీ జలియన్‌వాలా బాగ్ స్మారకం ముందు సాష్టాంగపడ్డాడు.

తెలుగు సంఘాలకు ఇటువంటి పరీక్ష కులం. 1878లో గుండ్లకమ్మలో మునిగినవారు అంటరానితనం నుండి బయటపడాలని కోరుకున్నారు. అయితే బాప్తిస్మం తరువాత కూడా మాలలు ఒక సంఘం వైపు, మాదిగలు మరొక సంఘం వైపు ఉండిపోవడం, పై కులాలనుండి వచ్చినవారు వేరుగా ఉండటం, పెళ్ళిళ్ళు కులంలోనే జరగడం అనేక చోట్ల కొనసాగాయి. దళిత క్రైస్తవ వేదాంతులు 1980ల నుండి ఈ విషయాన్ని మారుమనస్సు పరిధిలోకి తెచ్చి, కులాన్ని వదలని బాప్తిస్మం సగంలో ఆగిన మలుపు అని వాదిస్తున్నారు. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంతోని కార్డినల్ అయ్యాడు. కథోలిక సంఘ చరిత్రలో ఆ పదవిని పొందిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయనే.